మామయ్య దుకాణంలో ఊళ్ల పేర్లు

ఈ వేసవిలో ఆవకాయ పెట్టిన రోజున మా ఇంట్లో మెంతులు వేయిస్తున్నారు. గింజ ఎర్రబడి, చేదు విరిగి, కమ్మదనం తేలే ఆ ఒక్క నిమిషంలో వచ్చే వాసన హాల్లో కూర్చున్న నా దాకా వచ్చింది. నాకు ఊరగాయ గుర్తుకు రాలేదు. బెంగుళూరు ఫ్రేజర్ టౌన్‌లో మా మేనమామ నడిపిన వైన్ దుకాణం, దాని వెనకగది, ఆ గదిలో చెక్క అరల మీద పడుకోబెట్టిన సీసాల వరసలో పొట్టిగా, చదరపు భుజాలతో ఉండే ఒక సీసా గుర్తుకు వచ్చాయి. మామయ్య పోయి కొన్నేళ్లయింది. ఆయన గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నవన్నీ ఆ పూట వరస కట్టాయి కాబట్టి, తేదీల వరస పట్టించుకోకుండా, గుర్తున్నవి గుర్తున్నట్టుగా రాస్తున్నాను.

ఆ సీసాలోది ఫ్రాన్సు తూర్పు అంచున, స్విట్జర్లాండ్ సరిహద్దు పక్కన ఉన్న జురా అనే కొండప్రాంతపు వైన్. దాని పేరు వాన్ జోన్. సవాన్యాన్ అనే తెల్లద్రాక్షతో చేసి, పీపాల్లో పోసి, ఆరేళ్లకు పైగా కదపకుండా ఉంచుతారు. మామూలుగా పీపాలోని వైన్ ఆవిరై తగ్గినకొద్దీ పైనుంచి నింపుతూ ఉండాలి, లేకుంటే గాలి తగిలి పాడవుతుంది. ఈ వైన్‌కు మాత్రం నింపరు. ఖాళీ అయిన మేర వైన్ ఉపరితలం మీద ఈస్టు పలుచని పొరగా అల్లుకుని గాలిని అదుపులో ఉంచుతుంది. ఆరేళ్లు గడిచాక లీటరుకు మిగిలేది 62 సెంటీలీటర్లేనని అక్కడివాళ్లు చెబుతారు. క్లావ్‌లాన్ అనే ఆ పొట్టి సీసా కొలత కూడా అంతే.

దాన్ని ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో విప్పాం. దుకాణంలో సీసా విప్పి రుచి చూపడానికి మా లైసెన్సులో వీలు లేదు కనుక, ఏ కొత్త వైన్ వచ్చినా దాని పరీక్ష మామయ్య ఇంటి భోజనాల బల్ల మీదనే జరిగేది. "అల్లుడూ, కళ్లు మూసుకుని వాసన చూడు. ఇది మన వంటింట్లో ఎక్కడుందో చెప్పు" అన్నారాయన. నేను అక్రోటు అన్నాను, ఎండిన ఆపిల్ అన్నాను. ఆయన తృప్తిపడక అత్తయ్యను పిలిచారు. అత్తయ్య ఏనాడూ చుక్క తాగి ఎరగదు. గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీల్చి, "వేయించిన మెంతులు" అనేసి లోపలికి వెళ్లిపోయింది. చాలా రోజుల తరవాత, బెంగుళూరువాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఐఐఎస్‌సీలో రసాయనశాస్త్రం చెప్పే ఖాతాదారు ఒకాయన ఈ సంగతి విని ఆశ్చర్యపోయారు. వాన్ జోన్‌కు ఆ వాసన రావడానికి ముఖ్య కారణం సోటొలోన్ అనే పదార్థమనీ, మెంతుల వాసనకు మూలం కూడా అదేననీ ఆయనే చెప్పారు. మామయ్య ఆ సంగతిని తన నోట్‌బుక్కులో రాసుకుని, కింద అత్తయ్య పేరు రాసి దానికింద గీత గీశారు.

*

మా అమ్మవాళ్లది చిక్కబళ్ళాపురం దగ్గరి పల్లె. ఆ వైపు ఊళ్లలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. తాతగారికి చిన్న ద్రాక్షతోట ఉండేది. రాతి కూసాల మీద కట్టిన తీగల పందిరి, పందిరి కింద పెద్దవాళ్లు తల వంచుకుని నడవాల్సినంత ఎత్తు, నేల మీద చిల్లులు పడ్డ నీడ. కాసేది బెంగుళూరు బ్లూ రకం. ముదురు ఊదా పండు, దాని మీద వేలితో రాస్తే చెరిగిపోయే బూడిదరంగు పూత. నోట్లో వేసుకుని నొక్కితే మందపాటి తోలు ఒక పక్కకు, జారుడు గుజ్జు ఒక పక్కకు విడిపోయేవి. పిల్లలం గుజ్జు మింగి తోలును బుగ్గన పెట్టుకుని, వగరంతా పోయేదాకా నమిలేవాళ్లం. ఏడాదికి రెండు కాపులు వచ్చేవి. కోత రోజుల్లో ఇల్లంతా, బట్టలతో సహా, ఆ పండు వాసనే.

కోసిన రాత్రే గంపలు లారీకి ఎక్కేవి. వెదురు గంప అడుగున పాత పేపర్లు పరిచి, గెలలు పేర్చి, పైన గోనెపట్టా కప్పి దబ్బనంతో కుట్టే చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తెల్లవారకముందే లారీ బెంగుళూరు మండీకి చేరేది. మామయ్య పదేళ్ల వయసునుంచి తాతగారి వెంట ఆ లారీలో గంపల మీద కూర్చుని వచ్చేవారు. మండీలో గంప నేలకు దిగిన మరుక్షణం దానికి ఊరు ఉండదు, తోట ఉండదు, రైతు ఉండడు. గుమాస్తా చీటీ మీద "బ్లూ, ఇన్ని గంపలు" అని రాస్తాడు, అంతే.

తాతగారు కోతకు ముందు తోటకు నీళ్లు ఆపే మనిషి. నీళ్లు ఆపితే కాయ చిన్నదవుతుంది, తీపి చిక్కబడుతుంది, తూకం పడిపోతుంది. పక్కతోటవాళ్లు చివరి రోజు దాకా నీళ్లు కట్టి కాయను ఉబ్బించేవాళ్లు. ఆ పండూ ఈ పండూ మండీలో ఒకే కుప్పలో పడేవి, ఒకే ధరకు పోయేవి, తూకం తక్కువ కనుక తాతగారికి తక్కువ డబ్బు వచ్చేది. మామయ్య జీవితమంతా చేసిన వ్యాపారం ఆ కుప్ప దగ్గర మొదలైందని నా నమ్మకం. ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు. అయితే దుకాణం పెట్టిన నాటినుంచి ఏ సీసా గురించి మాట్లాడినా ముందు ఊరి పేరే చెప్పేవారు.

మండీలో ఇది ఎవరి తోటదని అడిగిన మొదటి మనిషి కుక్ టౌన్‌లో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దావిడ అట. బెంగుళూరు కంటోన్మెంటు వైపు ఇళ్లలో క్రిస్మస్ కోసం బెంగుళూరు బ్లూతో వైన్ పెట్టుకోవడం పాత ఆచారం. పింగాణీ జాడీలో నలిపిన పండు, చక్కెర, ఈస్టు, గుప్పెడు గోధుమలు, దాల్చినచెక్క వేసి, మూతికి గుడ్డ కట్టి, రోజూ చెక్కగరిటెతో కలుపుతూ మూడు వారాలు ఉంచుతారు. ఆవిడ ఏటా మండీకి స్వయంగా వచ్చి, పోయినసారి కొన్న గంప తోటదే కావాలని పట్టుపట్టేది. ఆ తోట తాతగారిది. అప్పటినుంచి ఆవిడ కోసం ఒక గంప విడిగా, చీటీ మీద ఊరి పేరుతో వచ్చేది. ఆ చీటీ రాసే పని మామయ్యది.

*

మామయ్య బీకాం చదివి, ఒక మద్యం దుకాణంలో లెక్కలు రాసే పనిలో చేరారు. కొన్నేళ్లకు అందులో భాగస్వామి అయ్యారు, ఆ తరవాత లైసెన్సు తన పేరుకు మార్పించుకున్నారు. కొడుకు సారాయి వ్యాపారంలో దిగాడని తాతగారు చాలా రోజులు మాట మానేశారు. అప్పటి దుకాణంలో విస్కీ, రమ్ము, బీరుదే రాజ్యం. వైన్ అంటే కింది అరలో ఒక మూలన దుమ్ము పట్టి ఉండే గోల్కొండ రూబీ, గోవానుంచి వచ్చే తియ్యటి పోర్టు.

ఆ మూలకు మొదట వెలుగు తెచ్చింది నంది కొండల పాదాల దగ్గర, దొడ్డబళ్ళాపురంలో కన్వల్ గ్రోవర్ మొదలుపెట్టిన తోట. 1988లో ఆ సంస్థ మొదలై, 1992లో మొదటి వైన్ వచ్చింది. షాంపేన్ ప్రాంతపు జార్జ్ వెసెల్ తొలినాళ్లలో సలహా ఇచ్చారు, ఆ తరవాత బోర్డో నుంచి మిషెల్ రొలాన్ వచ్చారు. మామయ్య బస్సెక్కి ఆ తోట చూడటానికి వెళ్లి, తాను పుట్టిన నేలకు అంత దగ్గరలో, అదే ఎర్రమట్టిలో కాబెర్నే సోవిన్యాన్ అనే ఫ్రెంచి ద్రాక్ష కాయడం చూసి వచ్చారు. "మన మట్టికి కూడా చెప్పుకోవడానికి ఒక రుచి ఉందిరా" అని ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మతో అన్నారట.

2001లో దిగుమతుల మీద పరిమాణ పరిమితులు తొలగాక బొంబాయి, ఢిల్లీ దిగుమతిదారుల కేటలాగులు రావడం మొదలైంది. అందరూ మొదటి పేజీల్లోని పెద్ద పేర్లే తెప్పించుకునేవారు. మామయ్య చివరి పేజీలు చూసేవారు. నేను డిగ్రీ ముగించి ఆయన దగ్గర చేరినది ఆ రోజుల్లోనే. నైరుతి ఫ్రాన్సులో మదిరాన్, వాయవ్య స్పెయిన్‌లో బియెర్తో, సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతపు వాలు, గ్రీసులో సాంటొరీని దీవి, లిస్బన్ దగ్గరి ఇసుకనేల కొలారెస్. ఈ ఊళ్లన్నీ నాకు తెలిసింది భూగోళం పుస్తకంలో కాదు, ఆయన గోడకు అంటించిన మ్యాపు మీద గుండుసూదుల్లో.

దుకాణం ముందు ఒక నల్లబల్ల ఉండేది. దాని మీద రోజూ పొద్దున్నే సుద్దముక్కతో కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో ఒక వైన్ వివరం రాయడం నా మొదటి పని. ఊరు ముందు, ద్రాక్ష తరవాత, చేసినవారి పేరు ఆపైన, ధర చివర. ఈ వరస తప్పితే తుడిపించి మళ్లీ రాయించేవారు.

*

వెనకగది గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మామయ్య వ్యాపారంలో సగం అక్కడ జరిగేది. బెంగుళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల ఎండలు మద్రాసు ఎండల్లా ఉండవు గానీ, వైన్‌కు కావలసిన 13, 14 డిగ్రీల చల్లదనం ఇక్కడ కూడా దానంతట అది రాదు. ఉత్తరం వైపు ఉన్న ఆ గదికి కిటికీలు మూయించి, గోడల వెంట తడి గోనెపట్టాలు వేలాడదీసి, ఒక ఏసీ పెట్టి, తలుపు పక్కన గోడకు థర్మామీటరు తగిలించారు. కరెంటు పోగానే నేను చేయాల్సిన పని గోనెపట్టాల మీద నీళ్లు చిలకరించడం. ఆ తడి గోనె వాసన, చెక్కపెట్టెల వాసన కలిసి ఆ గదికి ఒక ప్రత్యేకమైన గాలి ఉండేది. లోపల ఉంటే బయటి మాస్క్ రోడ్డు సందడి దూరంగా, గోడ అవతలి మాటల్లా వినపడేది. అజాన్, కాసేపటికి చర్చి గంట, సాయంత్రమయ్యేసరికి కబాబుల బండివాళ్ల బొగ్గు విసిరే చప్పుడు, వీటిని బట్టి గడియారం చూడకుండానే వేళ తెలిసేది.

సీసాలను ఎప్పుడూ పడుకోబెట్టే ఉంచాలి. నిలబెడితే బిరడా ఎండి కుంచించుకుపోతుంది, సందుల్లోంచి గాలి దూరుతుంది. వారానికి ఒకసారి మామయ్య ప్రతి సీసా మూతి మీద బొటనవేలు రాసి చూసేవారు. జిగురు తగిలితే వేడికి వైన్ ఉబ్బి బిరడాను నెట్టిందని అర్థం. బిరడా ఒక పిసరు పైకి లేచి కనబడితే ఆ సీసా అమ్మకం బల్ల మీదికి రాదు.

*

విప్పి చూపించకూడని వస్తువును, పేరు కూడా పలకలేని ఊరినుంచి వచ్చినదాన్ని, విస్కీ కొనడానికి వచ్చిన మనిషి చేత ఎలా కొనిపిస్తారు? మామయ్య మాటతో కొనిపించేవారు. ఆయన నోట ఫలానా విదేశీ పండు పేరు రాగా నేను వినలేదు. నిమ్మతొక్క, పచ్చిమామిడి, నేరేడు, ఉసిరి, వగరెక్కిన తేనీరు, వాన పడ్డ నేల, వీటితోనే చెప్పేవారు. సాంటొరీనిలో అసీర్తికో అనే తెల్లద్రాక్షతో చేసే వైన్ గురించి చెప్పేటప్పుడు, అక్కడ సముద్రపు గాలి తీగలను విరిచేయకుండా రైతులు వాటిని నేలమీదనే బుట్టలా చుట్టి పెంచుతారనీ, కాయ ఆ బుట్ట లోపల కాస్తుందనీ చేతులతో గుండ్రంగా చూపేవారు. వచ్చినవాడు విస్కీ సంగతి మరచిపోయి ఆ చేతులవైపే చూసేవాడు.

కొలారెస్ కథ ఆయనకు అన్నిటికన్నా ఇష్టం. 19వ శతాబ్దపు రెండో సగంలో ఫిలాక్సెరా అనే పురుగు అమెరికానుంచి యూరప్‌కు చేరి, వేళ్లను తినేస్తూ తోటలకు తోటలను నాశనం చేసింది. చివరకు ఆ పురుగును తట్టుకునే అమెరికా జాతుల వేళ్ల మీద యూరప్ తీగలను అంటుకట్టి ద్రాక్షను నిలబెట్టారు. కొలారెస్‌లో మాత్రం తీగలు లోతైన ఇసుకలో ఉన్నాయి, ఇసుకలో ఆ పురుగు బతకలేదు. అందుకే అక్కడి రమిస్కో తీగలు అంటు లేకుండా తమ సొంత వేళ్ల మీదనే ఉన్నాయి. "ఏ ఊరికి దాన్ని కాపాడేది ఏదో ఒకటి ఉంటుంది, మనం దాన్ని తెలుసుకుని చెప్పాలి" అనేవారు.

జార్జియా దేశపు వైన్ వచ్చినప్పుడు ఆయన సంతోషం వేరు. అక్కడ క్వెవ్రి అనే పెద్ద మట్టిబానలను మెడ దాకా నేలలో పాతి, ద్రాక్షను తొక్కలతో సహా వేసి, నెలల తరబడి మూసి ఉంచుతారు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఫొటో చూడగానే మామయ్యకు మా ఊళ్లో రాగులు దాచే పాతర గుర్తొచ్చింది. మరునాటినుంచి ఆ వైపు ఊళ్ల మనుషులు ఎవరొచ్చినా "మన పాతర లాంటిదే, రాగులకు బదులు ద్రాక్ష" అని మొదలుపెట్టేవారు. తెల్లద్రాక్షతో చేసినా తొక్కల వల్ల తేనె రంగుకు తిరిగే ఆ వైన్, వేరే ఎవరూ తెప్పించని రోజుల్లో, మా దుకాణంలో బాగా పోయింది.

*

ఈ వ్యాపారంలో లెక్క కుదరడం చాలా కష్టం. కేంద్రప్రభుత్వపు దిగుమతి సుంకమే ఎన్నో ఏళ్లు 150 శాతం. దానిపైన రాష్ట్రం పన్ను. ప్రతి లేబులునూ ఏటా ఆబ్కారీ శాఖలో నమోదు చేయించాలి, దానికి రుసుము కట్టాలి. లక్ష సీసాలు అమ్ముడయ్యే పేరుకు ఆ ఖర్చు లెక్కలోకి రాదు. ఏడాదికి పది పెట్టెలు పోయే జురా వైన్‌కు ఒక్కో సీసా మీద ఆ భారం ఎంత పడుతుందో మీరే ఊహించవచ్చు. అందువల్లనే చిన్న ఊళ్ల వైన్లను దిగుమతిదారులు తెప్పించడానికి ఇష్టపడరు, దుకాణాలు అడగవు, తాగేవాళ్లకు వాటి పేర్లు తెలియవు.

మామయ్య దీనికి కనిపెట్టిన దారి ముందుమాట. వైన్ ఓడ ఎక్కకముందే ఖాతాదారులను ఒక్కొక్కరినే అడిగి, ఇన్ని సీసాలు తీసుకుంటామని మాట తీసుకునేవారు. కాక్స్ టౌన్‌లోని రిటైర్డ్ కర్నల్ గారు, ఇద్దరు డాక్టర్లు, ఇందిరానగర్ సాఫ్ట్‌వేర్ జంటలు, కుక్ టౌన్ పెద్దావిడ మనవరాలు, ఇలా ఇరవై ముప్పై ఇళ్లు. ఆ మాటల జాబితా పట్టుకుని దిగుమతిదారుకు ఫోన్ చేసి, ఫలానా ఊరిది పది పెట్టెలు తెప్పిస్తే పదీ పోతాయని హామీ ఇచ్చేవారు. అందుకే ఆయన నోట్‌బుక్కు అంత ముఖ్యమైనది. అందులో ప్రతి ఖాతాదారుకూ ఒక పేజీ. "పులుపు ఇష్టం. వగరు పనికిరాదు. శుక్రవారం చేపలు వండుతారు. భార్యకు తీపి నచ్చుతుంది, పైకి చెప్పదు." నేను చదివిన ఏ వ్యాపార పాఠంలోనూ ఇంత విలువైన పుస్తకం చూడలేదు. దుకాణం మూసే ముందు మిగిలిన సరుకును ఒక పెద్ద వ్యాపారి మొత్తంగా కొంటానని వస్తే, మామయ్య ఒప్పుకోలేదు. ఆ పేజీలు తిరగేస్తూ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఎవరి సీసా వాళ్ల చేతికి చేర్చారు.

ఒక వేసవిలో వచ్చిన సరుకు రేవులో ఎండలో రోజుల తరబడి నిలిచిపోయింది. దిగుమతి చేసినవాళ్లు కంటైనరుకు చల్లదనం ఏర్పాటు చేయలేదు, ఆ సంగతి ఒప్పుకోనూ లేదు. పెట్టెలు విప్పేసరికి సగం సీసాల మూతుల దగ్గర జిగురు. ఇంటికి తీసుకెళ్లి ఒక్కోటి విప్పితే ఎర్రవైన్ ఉడికించిన జామ్ వాసన వేసింది. తేడా తెలిసేది పదిమందిలో ఒకరికేననీ, ధర తగ్గించి అమ్మేద్దామనీ నేను అన్నాను. మామయ్య ఆ సరుకంతా వంటింటి తొట్టిలో పారబోయించారు. ముందుమాట ఇచ్చినవాళ్లకు తానే ఫోన్ చేసి, ఆ ఊరి వైన్ రుచి ఇది కాదు, వచ్చే ఏడు తెప్పిస్తానని చెప్పారు. మొదటిసారి ఆ ఊరి పేరు వినేవాడికి ఉడికిపోయిన వైన్ ఇస్తే, ఆ మనిషి జన్మలో ఆ పేరు మళ్లీ అడగడు. ఆ నష్టం పూడ్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆయన చేసింది సరైన పని అని ఆ రోజు కాకపోయినా తరవాత నాకు పూర్తిగా అర్థమైంది.

*

ఆదివారం భోజనాల గురించి చెప్పకపోతే అత్తయ్యకు అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. ఏ వైన్ మన భోజనానికి నప్పుతుందో తేలేది ఆవిడ వంట దగ్గరే. గోంగూర మాంసంతో మదిరాన్ ఎర్రవైన్ పోసిన రోజు అందరి నోళ్లూ మండిపోయాయి. మదిరాన్‌లో వాడే తానా ద్రాక్షలో వగరు ఎక్కువ, ఆ వగరు మిరపకారాన్ని ఇంకా ఎగదోస్తుంది. ఆల్కహాలు ఎక్కువైనా అంతే. మరుసటి వారం అదే కూరకు ఫ్రాన్సులో లువార్ నది ఒడ్డున ఉన్న మోన్‌లూయి ఊరి షెనాన్ బ్లాన్ అనే తెల్లవైన్, కొంచెం తీపి మిగిల్చినది, బాగా చల్లబరచి పోశారు. నదికి అవతలి ఒడ్డున ఉన్న వూవ్రేకు ఉన్నంత పేరు దీనికి లేదు. ఆ తీపి కారాన్ని మెత్తబరిచింది, పులుపు గోంగూర పులుపుతో సమంగా నిలబడింది. చింతపండు పులుసుకు మాత్రం అసీర్తికో. వంటలోని పులుపుకన్నా వైన్‌లో పులుపు తక్కువైతే వైన్ నీళ్లలా చప్పబడిపోతుంది, అసీర్తికోకు ఆ భయం లేదు. ఈ ఫలితాలన్నీ నోట్‌బుక్కు చివరి పేజీల్లో అత్తయ్య కూరల పేర్లతో ఉన్నాయి. ఖాతాదారులు వైన్ కొనేటప్పుడు ఆ పేజీలే అడిగేవారు.

*

2008లో దేవనహళ్ళిలో విమానాశ్రయం తెరిచారు. దానికి ముందు కొన్నేళ్లనుంచే చుట్టుపక్కల తోటలు లేఅవుట్లుగా మారుతూ వచ్చాయి. తాతగారి తోట కూడా ఆ వరసలోనే పోయింది. పందిరి తీసేసి రాతి కూసాలను దారి పక్కన కుప్పగా పడేశారు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబెషాహి తోటలకు పట్టిన గతే ఇది.

2013లో బెంగుళూరు బ్లూ ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మామయ్య ఆ పేపరు కత్తిరించి నల్లబల్ల మీద అంటించారు. ఆ ద్రాక్ష నిజానికి అమెరికా మూలాలున్న ఇసబెల్లా రకమేనని, యూరప్‌లో ఆ రకంతో అమ్మకానికి వైన్ చేయడం మీద చాలాకాలంగా నిషేధం ఉందని, అయినా అసోర్స్ దీవుల్లో దానితో స్థానికంగా తాగే వైన్ ఒకటి ఉందని ఆయన అప్పటికే చదివి ఉన్నారు. హంపీ కొండల్లో చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు క్రిస్మా తోట పెట్టి, ఆ సీసా మీద హంపీ పేరు రావడం కూడా ఆయనకు పెద్ద ధైర్యమిచ్చింది. మన ఊళ్ల పేర్లు లేబులు మీద నిలబడతాయని అప్పుడు నమ్మారు.

కర్ణాటక ప్రభుత్వం 2007లో వైన్ విధానం తెచ్చాక చిన్న వైనరీలు కొన్ని వచ్చాయి. వాటిలో ఒకదాన్ని ఒప్పించి, మా తాతగారి ఊరికి పక్క ఊళ్లో ఇంకా మిగిలి ఉన్న ఒక తోట పండుతో, తీపి లేని బెంగుళూరు బ్లూ వైన్ కొద్దిగా చేయించారు. తీపి లేకుండా ఆ పండు వాసనను అదుపులో పెట్టడం తేలిక కాదు. తొక్కలను తొందరగా తీసేసి, చల్లగా పులియబెట్టి, లేత గులాబీ రంగులో తెచ్చారు. లేబులు మీద పైన ఊరి పేరు, కింద రైతు పేరు.

ఆ ఒప్పందంలో మామయ్య పట్టుపట్టిన షరతు ఒకటే. పండును తూకం మీద కొనకూడదు, తీపి మీద కొనాలి. కోత రోజు ఆయన రిఫ్రాక్టోమీటరు జేబులో పెట్టుకుని తోటకు వచ్చారు, నేనూ వెంట వెళ్లాను. ఒక కాయను వేళ్ల మధ్య నలిపి, గాజుపలక మీద ఒక చుక్క రసం పిండి, మూత వేసి, గొట్టాన్ని వెలుగువైపు పెట్టి చూస్తే లోపల నీలం, తెలుపు విడిపోయే గీత కనిపిస్తుంది. ఆ గీత ఏ అంకె దగ్గర నిలిచిందో ఆ అంకె తీపి. పందిరి నాలుగు మూలలా కాయలు తీసి చూశారు, రైతు చేత కూడా చూపించారు. గీత 18 దాటి ఉంది. కోతకు ముందు నీళ్లు ఆపిన తోట అది. తూకం ప్రకారం మండీలో వచ్చేదానికన్నా ఎక్కువ డబ్బు ఆ రైతు చేతిలో తోటలోనే పడింది. ఆయన నోట్లు లెక్కపెట్టుకుని, వచ్చే కాపుకు ఇంకా ఎన్నాళ్ల ముందు నీళ్లు ఆపవచ్చునని అడిగారు. తాతగారు ఏ మట్టికి ఎన్ని రోజులు ఆపేవారో మామయ్య విడమరచి చెప్పారు. ఆ రైతు కొడుకు ఇప్పటికీ ఆ లెక్కనే పాటిస్తున్నాడు. ఈసారి కాపులో సగం వైనరీకి తీపి మీద వేశాననీ, సగం మండీకి వేయక తప్పలేదనీ మొన్న ఫోనులో చెప్పాడు.